ఐరన్ పరీక్షకు వెళ్లే ముందు: పరగడుపు ఎంతసేపు, మాత్ర ఎప్పుడు ఆపాలి, రోజాలో ఉంటే ఎలా?

శ్రీకాకుళం/విజయనగరం: పొద్దున్నే చాయ్ తాగి, ఐరన్ మాత్ర వేసుకుని, బస్సెక్కి టౌనుకొచ్చి ల్యాబ్‌లో చెయ్యి చాపేవాళ్లు చాలామందే ఉంటారు. సాయంత్రానికి వచ్చే రిపోర్టులో ఐరన్ బాగానే కనిపిస్తుంది. ఒంట్లో మాత్రం ఉండదు. ఆ కాగితం చూసి ‘అంతా నార్మల్’ అనుకుని మందు మానేస్తే, నీరసం అలాగే ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం అలాగే ఉంటుంది. గర్భిణి అయితే ప్రసవం వేళకు అది ప్రాణం మీదికి రావచ్చు.

తప్పు ల్యాబ్‌ది కాకపోవచ్చు. పరీక్షకు ముందు ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు ఇబ్బంది. ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా మన కుటుంబాలకు పనికొచ్చేలా ఆ వివరాలన్నీ ఇక్కడ ఒకచోట.

ఎందుకింత పట్టింపు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి ఉంది. అంటే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుంటే ఒకరికైనా ఉండే అవకాశం ఎక్కువ.

రక్తహీనతకు ఐరన్ లోపం పెద్ద కారణం. కానీ అదొక్కటే కారణం కాదు. నులిపురుగులు, బి12 లోపం, కిడ్నీ జబ్బు, తలసీమియా, సికిల్ సెల్... ఇలా ఎన్నో ఉన్నాయి. హిమోగ్లోబిన్ తగ్గిందని వేలికి సూది గుచ్చి చేసే పరీక్షే చెప్పేస్తుంది. ఎందుకు తగ్గిందో చెప్పేది ఐరన్ పరీక్షలు. అందుకే వాటిని సరిగ్గా చేయించుకోవాలి.

ఒకటి కాదు, నాలుగు పరీక్షలు

డాక్టర్ చీటీ మీద ‘ఐరన్ ప్రొఫైల్’ అని రాస్తే అందులో మామూలుగా ఇవి ఉంటాయి.

సీరం ఐరన్: రక్తంలో ఆ క్షణాన తిరుగుతున్న ఐరన్. ఇది జేబులో ఉన్న చిల్లర లాంటిది. గంట గంటకూ మారుతుంది.

ఫెరిటిన్: శరీరం దాచుకున్న ఐరన్ నిల్వ. ఇది బ్యాంకులో దాచిన సొమ్ము. ఒక్క పూట తిండితో, ఒక్క మాత్రతో మారదు.

టీఐబీసీ: రక్తం ఎంత ఐరన్ మోయగలదో చెప్పే లెక్క. ఐరన్ తక్కువైన కొద్దీ ఇది పెరుగుతుంది.

ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్: సీరం ఐరన్‌ను టీఐబీసీతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే శాతం. మోసే బండిలో ఎంత వంతు నిండిందో ఇది చెబుతుంది.

వీటితో పాటు సీబీసీ అనే పూర్తి రక్త పరీక్ష కూడా ఉండాలి. హిమోగ్లోబిన్, ఎర్రకణాల సంఖ్య, వాటి సైజు (ఎంసీవీ) అందులోనే తెలుస్తాయి.

డబ్బు దగ్గర ఇబ్బంది ఉంటే డాక్టర్‌ను మొహమాటం లేకుండా అడగండి. చాలా సందర్భాల్లో మొదట సీబీసీ, ఫెరిటిన్ రెండూ చాలు. మిగతావి అవసరమైతే తర్వాత చేయించుకోవచ్చు. ధర ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ మారుతుంది కాబట్టి రక్తం ఇచ్చే ముందే అడిగి తెలుసుకోవాలి.

పరగడుపు ఎంతసేపు?

సీబీసీకి, ఒక్క ఫెరిటిన్‌కి పరగడుపు అక్కర్లేదు. ఏ వేళైనా ఇవ్వొచ్చు. సీరం ఐరన్, సాచురేషన్ ఉంటే మాత్రం రాత్రి భోజనం తర్వాత 8 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా, పొద్దున 10 గంటల లోపు రక్తం ఇవ్వడం మంచిది. సీరం ఐరన్ సాధారణంగా పొద్దున ఎక్కువగా ఉండి, సాయంత్రానికి తగ్గుతుంది. ఒకసారి పొద్దున, ఇంకోసారి సాయంత్రం ఇచ్చి రెండు రిపోర్టులూ పోల్చుకుంటే లెక్క కుదరదు. రెండోసారి పరీక్ష చేయించినా అదే వేళకు, వీలైతే అదే ల్యాబ్‌లో చేయించాలి.

పరగడుపు అంటే నీళ్లు కూడా మానేయాలని కాదు. మామూలు మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. ఒంట్లో నీరు తగ్గితే నరం దొరకడం కష్టం, పైగా హిమోగ్లోబిన్ ఉన్నదాని కంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. చాయ్, కాఫీ, పాలు, పళ్లరసం, పాన్ మాత్రం వద్దు.

గర్భిణులు, చిన్నపిల్లలు, సుగర్ మందులు వాడేవాళ్లు అంతసేపు ఆకలితో ఉండకూడదు. వాళ్లు డాక్టర్‌ను అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయాలి.

ఏ మాత్ర ఆపాలి?

ఐరన్ మాత్ర లేదా సిరప్: సీరం ఐరన్ పరీక్షకు 24 గంటల ముందు ఆపితే చాలు. ఉదాహరణకి ఒక ఆడమనిషికి అసలు సీరం ఐరన్ 36, టీఐబీసీ 450 అనుకుందాం. సాచురేషన్ 8 శాతం, అంటే బాగా తక్కువ. ఆమే పొద్దున మాత్ర వేసుకుని రెండు మూడు గంటలకు రక్తం ఇస్తే సీరం ఐరన్ 180 దాకా కూడా పోవచ్చు. అప్పుడు సాచురేషన్ 40 శాతం. అదే మనిషి, అదే రోజు, రిపోర్టు మాత్రం ‘నార్మల్’.

అలాగని పరీక్ష ఉందని వారం పది రోజులు మాత్రలు మానేయొద్దు. ఒక్క రోజు చాలు, రక్తం ఇచ్చాక మళ్లీ మొదలుపెట్టాలి.

మల్టీవిటమిన్లు: చాలా వాటిలో ఐరన్ ఉంటుంది. డబ్బా మీద చూసి అవి కూడా ఒక రోజు ఆపాలి.

జుట్టు ఊడకుండా వాడే బయోటిన్: దీని సంగతి చాలామందికి తెలియదు. ఎక్కువ మోతాదు బయోటిన్ వల్ల కొన్ని మిషన్ల మీద ఫెరిటిన్ ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. రెండు మూడు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లో కూడా చెప్పాలి. జుట్టు ఊడటానికి ఐరన్ లోపమే కారణం కావచ్చు కాబట్టి ఈ పరీక్షకు వచ్చేవాళ్లలో బయోటిన్ వాడేవాళ్లు ఉంటారు.

సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకున్నవాళ్లు: కనీసం నాలుగు వారాలు ఆగాలి. ముందే చేయిస్తే ఫెరిటిన్ ఉత్తుత్తినే ఎక్కువగా కనిపిస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే అదీ చెప్పాలి.

బీపీ, థైరాయిడ్, సుగర్, గుండె మందులు: మీ అంతట మీరు ఏవీ ఆపొద్దు. పేర్లు రాసి తీసుకెళ్లండి. గ్యాస్ మాత్రలు నెలల తరబడి వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, అవి ఐరన్ ఒంటికి పట్టకుండా చేస్తాయి.

జ్వరం తగ్గిన వెంటనే వద్దు

జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరుగుతుంది. నిల్వ పెరిగి కాదు, వాపు వల్ల. అదే సమయంలో సీరం ఐరన్ తగ్గుతుంది. అందుకే మలేరియా, టైఫాయిడ్, డెంగీ వంటివి తగ్గాక రెండు మూడు వారాలు ఆగి చేయించడం మేలు. ఆగే వీలు లేకపోతే దాంతో పాటు సీఆర్‌పీ అనే పరీక్ష రాయమని డాక్టర్‌ను అడగొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ తేడా స్పష్టంగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఫెరిటిన్ 15 కంటే తక్కువుంటే ఐరన్ లోపం. ఇన్ఫెక్షన్ లేదా వాపు ఉన్న పెద్దవాళ్లకు 70 కంటే తక్కువున్నా లోపమనే అనుకోవాలి. ఐదేళ్లలోపు పిల్లలకు ఆ అంకెలు 12, 30.

రోజాలో ఉంటే?

రంజాన్‌లో ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న ఇది. పరీక్ష కోసం రక్తం ఇస్తే రోజా పోతుందా? మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్ ప్రకారం రక్తం తీయించుకోవడం వల్ల రోజా భంగం కాదు. అయితే రోజా కొనసాగించలేనంత బలహీనత వచ్చేలా రక్తం తీయించుకోవడం మక్రూహ్. పరీక్షకు తీసేది కొద్ది మిల్లీలీటర్లే. ఇంకా సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాహెబ్‌ను అడగండి.

వైద్యం వైపు నుంచి చూస్తే అసలు ఇబ్బంది వేరు. రోజా పరగడుపూ, ల్యాబ్ పరగడుపూ ఒకటి కాదు. సహెరీ తిని పొద్దున తొమ్మిదింటికి వెళ్తే నాలుగైదు గంటలే అవుతుంది. పన్నెండు గంటలు నిండేసరికి సాయంత్రం అవుతుంది, అప్పటికి సీరం ఐరన్ తగ్గే వేళ. పైగా నీళ్లు కూడా తాగి ఉండరు.

కాబట్టి తొందర లేకపోతే షాబాన్‌లోనే చేయించుకోవాలి, లేదంటే ఈద్ అయ్యాక. తప్పనిసరైతే సీబీసీ, ఫెరిటిన్ మాత్రం రోజాలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు. సీరం ఐరన్ కూడా కావాలంటే సహెరీలో ఐరన్ మాత్ర వేసుకోకుండా పొద్దున్నే వెళ్లి, ఎన్నింటికి తిన్నారో చీటీ మీద రాయించాలి.

మాత్రలు వాడేవాళ్లు రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక రెండు గంటలకు, నిమ్మరసంతో వేసుకోవచ్చు. చాయ్‌తో కలిపి వద్దు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తమకో బిడ్డకో హాని అనే భయం ఉంటే రోజా వాయిదా వేసి తర్వాత ఖజా చేసుకునే సడలింపు షరియత్‌లోనే ఉంది. హిమోగ్లోబిన్ బాగా తక్కువున్న తల్లి పట్టుదలకు పోకుండా డాక్టర్ మాటా, ఆలిమ్ మాటా రెండూ వినాలి.

హిజామా, రక్తదానం

హిజామా చేయించుకున్నవాళ్లు ఎప్పుడు, ఎన్నిసార్లు చేయించుకున్నారో డాక్టర్‌కి చెప్పాలి. రక్తం పోతే ఐరన్ కూడా పోతుంది. రక్తహీనత ఉందని తెలిసినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా హిజామాకు వెళ్లకూడదు. 350 మిల్లీలీటర్ల రక్తదానంలో 150 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ పోతుంది, అది నిండటానికి నెలలు పడుతుంది. ఆ తేదీ కూడా చెప్పండి.

ఆడవాళ్లు హైజ్ తేదీ, ఎన్ని రోజులు, ఎంత ఎక్కువగా అవుతోందో దాచకుండా చెప్పాలి. ఐరన్ లోపానికి ఎక్కువగా దొరికే కారణం అదే. సిగ్గుపడి చెప్పకపోతే మందు మింగుతూనే ఉంటారు, రక్తం పోతూనే ఉంటుంది.

ల్యాబ్ దగ్గర

చేతులు వదులుగా పైకి జరిగే దుస్తులు, బురఖా వేసుకుంటే ఇబ్బంది ఉండదు. రక్తం తీయడానికి మహిళా టెక్నీషియన్ కావాలంటే ముందే అడగొచ్చు. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు పడుకుని ఇవ్వాలి. పాత రిపోర్టులు, మందుల చీటీ వెంట ఉండాలి. సీబీసీకి ఊదా మూత ట్యూబ్, ఐరన్ పరీక్షకు ఎర్ర లేదా పసుపు మూత ట్యూబ్ వాడతారు. కాబట్టి రెండు ట్యూబులు తీస్తే కంగారు పడొద్దు. ఇంట్లో ఏదైనా తినడానికి తెచ్చుకుని, రక్తం ఇచ్చాక తినండి.

రిపోర్టు ఎలా చూడాలి?

హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనత. గర్భిణుల్లో 7 కంటే తగ్గితే తీవ్రం, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

సీరం ఐరన్ మామూలుగా 60 నుంచి 170 మధ్య, టీఐబీసీ 240 నుంచి 450 మధ్య, సాచురేషన్ 20 నుంచి 50 శాతం మధ్య ఉంటాయి. ల్యాబ్‌ను బట్టి కొద్ది తేడా ఉంటుంది, రిపోర్టు పక్కనే ఆ హద్దులు రాసి ఉంటాయి.

ఫెరిటిన్ తక్కువ, టీఐబీసీ ఎక్కువ, సాచురేషన్ తక్కువ: ఇది ఐరన్ లోపం. హిమోగ్లోబిన్ బాగుండి ఫెరిటిన్ ఒక్కటే తగ్గితే, నిల్వ ఖాళీ అవుతోందని అర్థం. చాలామంది డాక్టర్లు ఫెరిటిన్ 30 కంటే తగ్గితేనే మందు మొదలుపెడతారు.

మగవాళ్లకు, హైజ్ ఆగిపోయిన పెద్దావిడలకు ఐరన్ లోపం వస్తే ‘తిండి సరిగా లేదు’ అని సరిపెట్టుకోవద్దు. కడుపులో పుండు, పైల్స్, పేగు జబ్బు వల్ల రక్తం పోతోందేమో చూపించుకోవాలి.

ఉద్దానం కుటుంబాలకు ప్రత్యేకం

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. కిడ్నీ దెబ్బతింటే రక్తం తయారీకి కావాల్సిన ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ తగ్గుతుంది, రక్తహీనత వస్తుంది. ఇక్కడ మామూలు అంకెలు పనిచేయవు. కిడ్నీ రోగులకు సాచురేషన్ 20 శాతం లోపు ఉండి, ఫెరిటిన్ 100 కంటే తక్కువున్నా (డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు 200 కంటే తక్కువున్నా) ఐరన్ లోపంగానే చూస్తారు. ‘ఫెరిటిన్ 90 ఉంది, నార్మల్’ అని ల్యాబ్ కాగితం అన్నా, కిడ్నీ డాక్టర్ ఒప్పుకోకపోవచ్చు.

ఆ మండలాల వాళ్లు రక్తహీనత పరీక్షతో పాటు క్రియాటినిన్ కూడా చేయించుకోవడం తెలివైన పని. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి.

దగ్గరి సంబంధాలు, తలసీమియా

మన ఇళ్లలో మామూ కూతురు, ఖాలా కొడుకు సంబంధాలు మామూలే. అలాంటి చోట తలసీమియా సంగతి తెలిసి ఉండాలి. తలసీమియా లక్షణం మోసేవాళ్లకు ఎర్రకణాలు చిన్నగా ఉంటాయి, చూడటానికి ఐరన్ లోపంలాగే ఉంటుంది. ఫెరిటిన్ మాత్రం బాగుంటుంది. వాళ్లకు ఏళ్ల తరబడి ఐరన్ మింగించడం వృథా, ఒక్కోసారి హాని.

ఒక చిన్న లెక్క ఉంది. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించాలి. ఎంసీవీ 65, కణాలు 5.6 అయితే 11.6 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా అనుమానించాలి. ఎక్కువ వస్తే ఐరన్ లోపం అనుకోవచ్చు. ఇది అనుమానానికి మాత్రమే. ఖాయం చేసేది హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. ఐరన్ లోపం ఉంటే ఆ పరీక్ష కూడా తప్పుదారి పట్టవచ్చు కాబట్టి ముందు ఐరన్ సరిచేసుకోవాలి.

భార్యాభర్తలిద్దరూ తలసీమియా మోసేవాళ్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. నిఖా కుదిరే ముందు ఈ ఒక్క పరీక్ష చేయిస్తే ఏ ఇంటి పరువూ పోదు. ఏజెన్సీ వైపు ఉన్నవాళ్లు సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించుకోవాలి. దీనికోసం కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది.

రిపోర్టు వచ్చాక

లోపం ఖాయమైతే మాత్రలే మొదటి మందు. ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వాడాలి. బడిపిల్లలకు వారానికొకటి ఇస్తారు: చిన్నవాళ్లకు గులాబీ రంగు, పెద్దవాళ్లకు నీలం రంగు. నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్‌ను ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇస్తారు. అది మిస్ చేయొద్దు.

మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది, భయం లేదు. కడుపులో వికారంగా ఉంటే మానేయకుండా డాక్టర్‌కి చెబితే మోతాదు, వేళ మారుస్తారు. క్యాప్సూల్ పైపొరలో జెలటిన్ ఉందేమోనని సందేహం ఉన్నవాళ్లు మాత్ర లేదా సిరప్ రాయమని అడగొచ్చు. నెల రోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక పాయింట్ పెరగాలి. పెరగకపోతే కారణం మళ్లీ వెతకాలి. నార్మల్‌కి వచ్చాక కూడా నిల్వ నిండటానికి ఇంకో మూడు నెలలు వాడాలి.

తిండిలో కలేజీ, మాంసం, చేపల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. గర్భిణులు మాత్రం కలేజీ తరచుగా తినొద్దు, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. చోడి అంబలి, ఆకుకూరలు, పప్పులు కూడా మంచివే, పైన నిమ్మకాయ పిండుకుంటే ఇంకా బాగా పడుతుంది. ఖర్జూరం సున్నత్, బలం కూడా. కానీ నూరు గ్రాముల్లో ఐరన్ సుమారు ఒక మిల్లీగ్రామే. ఖర్జూరాలు తింటున్నాం కదా అని మాత్ర మానేయకూడదు. అన్నం తినగానే చాయ్ తాగే అలవాటును గంట వెనక్కి జరిపితే చాలు, తేడా కనిపిస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి?

హిమోగ్లోబిన్ పరీక్ష పీహెచ్‌సీల్లో ఉచితం. ఆశా, ఏఎన్ఎంలను అడిగితే చెబుతారు. గర్భిణులకు ప్రతి నెల 9న ప్రభుత్వాసుపత్రుల్లో ప్రత్యేక పరీక్షలుంటాయి. పెద్ద పరీక్షల కోసం శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (రిమ్స్), విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, ఘోషాసుపత్రి ఉన్నాయి. ఫెరిటిన్ అక్కడ ఏ రోజు చేస్తారో ముందే కనుక్కుని వెళ్తే ఛార్జీలు మిగులుతాయి.

వెళ్లే ముందు రోజు గుర్తుంచుకోవాల్సినవి:

ఐరన్ మాత్ర ఒక రోజు, బయోటిన్ రెండు మూడు రోజులు ఆపారా?
జ్వరం తగ్గి రెండు వారాలైందా?
రాత్రి భోజనం తొందరగా ముగించి, పొద్దున మంచినీళ్లు మాత్రమే తాగారా?
మందుల చీటీ, పాత రిపోర్టులు, హైజ్ తేదీ, హిజామా లేదా రక్తదానం తేదీ రాసుకున్నారా?

ఈ నాలుగూ అయితే ఇక చెయ్యి చాపొచ్చు. వచ్చిన కాగితం ఇంటాయన చేతిలోనో, పక్కింటావిడ మాటలోనో ఆగిపోకుండా డాక్టర్ బల్ల దాకా చేరాలి. ఇన్షా అల్లాహ్, సరైన పరీక్షతో సరైన మందు దొరుకుతుంది.